తలనొప్పిలో మెడ, భుజ కండరాల పాత్ర – చరిత్ర

తలనొప్పి వచ్చే మనుషుల్లో చాలామందికి మెడ పట్టేస్తుంది, భుజాలు బరువెక్కుతాయి. ఆ పట్టు తలనొప్పికి మూలమా, తలనొప్పి వెంట వచ్చేదా అన్న వాదమే ఈ విషయపు చరిత్ర. సుశ్రుత సంహిత చెప్పిన 11 శిరోరోగాల్లో అనంతవాతం ఒకటి. అందులో బాధ మెడ వెనుక పుట్టి కళ్లకు, కనుబొమలకు, కణతలకు పాకుతుంది.

ఆధునిక వైద్యం మొదట తప్పంతా కండరం మీదే వేసింది. తల, మెడ కండరాలు విడవకుండా బిగుసుకోవడమే ఎక్కువ తలనొప్పులకు కారణమన్న అభిప్రాయానికి హెరాల్డ్ వుల్ఫ్ 1948 నాటి గ్రంథం బలమిచ్చింది. 1962లో అమెరికా నిపుణుల సంఘం ‘కండర సంకోచ తలనొప్పి’ అని పేరే పెట్టింది. తీరా కండరాల విద్యుత్తును కొలిచి చూస్తే బిగువుకూ నొప్పి తీవ్రతకూ పొంతన కుదరలేదు. దాంతో 1988లో అంతర్జాతీయ తలనొప్పి సంఘం ఆ పేరు వదిలేసి ‘టెన్షన్ తరహా తలనొప్పి’ అంది. నొక్కితే కండరం నొప్పెట్టడాన్ని మాత్రం లక్షణంగా ఉంచింది.

దారి చూపింది నరాల అధ్యయనం. మెడ పైభాగపు నరాలు, ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం వెన్నుపాము పైకొసలో కలుస్తాయని 1961లో ఫ్రెడరిక్ కెర్ చూపాడు. అందుకే మెడలో పుట్టిన నొప్పి నుదుట తెలుస్తుంది, మైగ్రేన్ మెడలో తెలుస్తుంది. మొదటి రకాన్ని 1983లో నార్వే వైద్యుడు ఒట్టార్ సియాస్టాడ్ విడిగా గుర్తించాడు. ఆ రోగుల మీద ఆస్ట్రేలియాలో గ్వెండోలెన్ జల్ బృందం 200 మందితో చేసిన పరిశోధన 2002లో వెలువడింది. గడ్డాన్ని మెల్లగా లోపలికి వంచుతూ మెడ లోపలి కండరాలకు చేయించిన ఆరు వారాల వ్యాయామం ఫలితం ఏడాది తర్వాతా నిలిచింది.

విశాఖపట్నంలో మెడ, భుజాల మీద పడే భారం పుస్తకాల్లో ఆగే విషయం కాదు. 1933లో తెరుచుకున్న రేవులో బస్తాల సరుకు చాలాకాలం కూలీల నెత్తి, భుజాల మీదే కదిలింది. ఒక వయోజన పురుష కార్మికుడు మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ సిఫార్సు చేసింది 1967లో. 1965లో ఇనుప ఖనిజం ఎగుమతికి యంత్రాలు, 2003లో కంటైనర్ టెర్మినల్ వచ్చాయి. మోత తగ్గింది, శ్రమ రూపం మారింది. ఎత్తయిన క్యాబిన్లో కూర్చున్న క్రేన్ ఆపరేటరు గంటల తరబడి మెడ వంచి కాళ్ల కిందికే చూడాలి. ఉక్కు కర్మాగారంలోని క్రేన్లకూ అదే తీరు. అయిదు కిలోల దాకా ఉండే తలను ముందుకు వాలనీకుండా పట్టి ఉంచేది మెడ వెనుక కండరాలే. వాటి అలసటను వృత్తి ఆరోగ్య పరీక్షల్లో చెవి, ఊపిరితిత్తులతో సమానంగా చూడాలి.

మెడ నొప్పి, తలనొప్పి కలిసి వచ్చినప్పుడు ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. మైగ్రేన్ రోగికి మెడ నొప్పి ఉందని ఎక్స్‌రే తీస్తారు; నొప్పి లేనివాళ్లలోనూ వయసుతో కనిపించే అరుగుదలను చూసి స్పాండిలైటిస్ అంటారు, కాలర్ కడతారు. అంతకంటే ముందు గడ్డం ఛాతీకి ఆనించి తల పక్కకు తిప్పించి చూడాలి. మామూలుగా సుమారు 44 డిగ్రీలు తిరుగుతుంది; ఒక పక్కకు బాగా తగ్గితే మెడ పైకీళ్లను అనుమానించాలి.