జనగణన పుటల్లో విక్టోరియా నాటి పాలేళ్లు

విక్టోరియా రాణి గద్దెనెక్కిన 1837 నాటికి ఇంగ్లండు పల్లెల్లో పొలం పనివాళ్లు ముఖ్యంగా రెండు రకాలు. పగలంతా పనిచేసి సాయంత్రం తమ గూటికి చేరే కూలీలు కొందరు. ఏడాది జీతానికి కుదిరి, రైతు ఇంట్లోనే తిని అక్కడే పడుకునే పాలేళ్లు మరికొందరు. ఈ పాలేళ్లలో ఎక్కువమంది పెళ్లికాని కుర్రాళ్లు, ఆడపిల్లలు. తమ గురించి తాము రాసిపెట్టుకున్నది దాదాపు ఏమీ లేని ఆ జనం పేరుపేరునా కనిపించేది ముఖ్యంగా జనగణన పుస్తకాల్లో.

1801 నుంచి పదేళ్లకోసారి లెక్క తీస్తున్నా, దేశమంతటా ఇంటింటి పేర్లూ పద్ధతిగా రాసింది 1841లో. అప్పుడు కూడా పాలేరు సరిగా కనిపించడు. ఇంటి యజమానికి అతను ఏమవుతాడో అడగలేదు. పదిహేను దాటినవాళ్ల వయసును ఐదేళ్ల లెక్కన కిందికి దించమన్నారు. పందొమ్మిదేళ్లవాడు పదిహేనేళ్లవాడయ్యాడు! పాలేరునూ కూలీనీ ఒకే పొట్టి గుర్తుతో రాసుకునే వెసులుబాటు కూడా గణకులకు ఇచ్చారు.

1851 మార్చి 30 నాటి లెక్కతో పరిస్థితి మారింది. యజమానితో సంబంధం, పెళ్లి, అసలు వయసు, పుట్టిన ఊరు అన్నీ అడిగారు. రైతుకు ఎన్ని ఎకరాలో, ఎందరు పనివాళ్లో కూడా రాయమన్నారు. ఉత్తరాన యార్క్‌షైర్‌లోని ఈస్ట్ రైడింగ్‌లో ఒక పెద్ద కమతం పుట తీస్తే వరస తరచూ ఇలా ఉంటుంది: రైతు, భార్య, పిల్లలు, వాళ్ల కింద ‘సేవకుడు’ అన్న మాటతో ఇరవై దాటిన బండివాడు, ఆ తర్వాత వయసు తగ్గుతూ గుర్రాల పని చూసే కుర్రాళ్లు, వంటింటి పనిపిల్ల.

పదేళ్ల తర్వాతి పుటలో అదే ఇంట ఆ పేర్లు దొరకడం అరుదు. నవంబరులో మార్టిన్‌మస్ పండక్కి జీతం చేతికందగానే పాలేళ్లు డ్రిఫీల్డ్ లాంటి ఊళ్లలో జరిగే సంతలకు వెళ్లేవారు. బేరం కుదిరితే కొత్త రైతు చేతిలో పెట్టిన బయానా నాణెంతో ఏడాదికి కట్టుబడేవారు.

దక్షిణ, తూర్పు జిల్లాల్లో ఈ పద్ధతి అప్పటికే సన్నగిల్లింది. ఏడాది కొలువు చేసిన పెళ్లికానివాడికి ఆ పారిష్‌లో (చర్చి పరిధిలోని ఊళ్లో) బీదసాయం పొందే హక్కు 1691 నుంచి ఉండేది. ఆ భారం తమ పారిష్ మీద పడకుండా కొందరు రైతులు 51 వారాలకే కుదుర్చుకునేవారు. 1834 నాటి బీదసాయం చట్టం ఆ హక్కునే తీసేసింది. నెపోలియన్ యుద్ధాల కాలంలో ధాన్యం ధరలు పెరిగి ఇంట్లో తిండి పెట్టడం బరువైంది. యుద్ధం ముగిశాక కూలీలు చవగ్గా దొరికారు. 1825లో రైగేట్ దగ్గర ఒక రైతు ఇంటి వేలంలో, పనివాళ్లంతా కూర్చుని తిన్న పొడవాటి ఓక్ బల్లను చూసి, ఆ రోజులు పోయాయని రచయిత విలియమ్ కాబెట్ ఆవేదన చెందాడు.

ఉత్తరాన కథ వేరు. కమతాలు ఊళ్లకు దూరం, పశువులకూ గుర్రాలకూ వేళాపాళా లేని చాకిరీ, పైగా మిల్లులు మనుషుల్ని లాగేసుకుంటున్న కాలం. అందుకే పాలేరును ఇంట్లో ఉంచుకోక తప్పలేదు.

ఆడపిల్లల కష్టం మాత్రం లెక్కల్లో సగమే కనిపిస్తుంది. ఇల్లు ఊడ్చి, పాలు పితికి, వెన్న చిలికి, కోతల్లో సాయపడిన పిల్ల కూడా చాలాచోట్ల ఉత్త ‘ఇంటి పనిమనిషి’.

1881 నివేదిక పట్టికల్లో పాలేళ్లనూ కూలీలనూ ఒకే పద్దు కింద కలిపేశారు. ఆ అంకెలు మాత్రమే చూస్తే ఇంట్లో ఉండే పాలేళ్లు ఎందరో తేలదు. గణకుల పుస్తకాల్లో మాత్రం 1881లోనూ 1891లోనూ ఈస్ట్ రైడింగ్ రైతుల ఇళ్లలో, కమతం మేస్త్రీల ఇళ్లలో పాలేళ్ల పేర్లు వరసగా ఉన్నాయి. అక్కడి జీతాల సంతలు మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కూడా సాగాయి.