పేజ్ ఫాల్ట్‌లో రిలీజ్ కాని లాక్

ప్రోగ్రామ్ అడిగిన పేజీ ర్యామ్‌లో లేకపోతే ప్రాసెసర్ ఆ పని ఆపి కెర్నల్‌ను పిలుస్తుంది. ఇదే పేజ్ ఫాల్ట్. కెర్నల్ లాక్ తీసుకుని, ఆ అడ్రస్ సరైనదో కాదో చూసి, పేజీని తెచ్చి, లాక్ వదిలి వెనక్కి రావాలి. వచ్చే దారులు చాలా ఉంటాయి. వాటిలో ఏ ఒక్క దారిలో అన్‌లాక్ మరిచినా ప్రోగ్రామ్ బిగుసుకుపోతుంది.

తొలి దశ

పేజీల పద్ధతి 1962లో మాంచెస్టర్‌లోని అట్లాస్ కంప్యూటర్‌తో మొదలైంది. లాక్‌లకు మూలమైన సెమాఫోర్ కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ఆలోచన. లినక్స్ 1996లో 2.0 వెర్షన్‌తో ఒకటికి మించిన ప్రాసెసర్లపై నడవడం నేర్చుకున్నప్పుడు కెర్నల్ అంతటికీ ఒకే పెద్ద లాక్ ఉండేది. 2011లో 2.6.39తో అది పూర్తిగా పోయింది. అప్పటికే దాని పనిని ఎన్నో చిన్న లాక్‌లు పంచుకున్నాయి.

పేజ్ ఫాల్ట్‌లో ముఖ్యమైనది ఎంమ్యాప్ లాక్. పాత పేరు ఎంమ్యాప్ సెమ్, 2020లో 5.8తో పేరు మారింది. ఫాల్ట్ దీన్ని రీడ్ కోసం తీసుకుంటుంది, మెమరీ మ్యాప్‌ను మార్చే పనులు రైట్ కోసం తీసుకుంటాయి.

ఈ లాక్‌తో ముడిపడిన పనిలో ఒక తెలుగు ఇంటిపేరు కూడా ఉంది. ఐబీఎంలో శ్రీకర్ ద్రోణంరాజు, జిమ్ కెనిస్టన్ తదితరులు రూపొందించిన యూప్రోబ్స్ 2012లో 3.5తో లినక్స్‌లో చేరింది. నడుస్తున్న ప్రోగ్రామ్‌లో ప్రోబ్ పెట్టాలంటే ఇదే లాక్‌ను రైట్ కోసం పట్టుకోవాలి.

ఎందుకు దొరకదు

రీడ్ లాక్ మిగిలిపోయినా తర్వాతి రీడర్లకు అడ్డు రాదు. రైట్ కోరిన మొదటి పని మాత్రం ఆగిపోతుంది. ఆ తర్వాత వచ్చే రీడర్లు దాని వెనక క్యూ కడతారు. ఏం జరిగిందో చూద్దామని పీఎస్ కమాండ్ కొడితే అదీ ఆగిపోవచ్చు, ఎందుకంటే ఆ ప్రాసెస్ కమాండ్ లైన్ చదవడానికీ ఇదే లాక్ కావాలి. 120 సెకన్లు దాటాక హంగ్ టాస్క్ హెచ్చరిక వస్తుంది. అందులో కనిపించేది ఎదురుచూస్తున్న ఫంక్షన్, తప్పు చేసింది కాదు.

ఇంకో చిక్కు రీట్రై. 2011 జనవరిలో వచ్చిన 2.6.37 నుంచి, డిస్క్ కోసం ఎదురుచూడాల్సి వస్తే ఫాల్ట్ కోడ్ లాక్‌ను తనే వదిలి 'మళ్లీ ప్రయత్నించు' అని చెప్పగలదు. అప్పుడు దాన్ని పిలిచిన కోడ్ ఇంకోసారి అన్‌లాక్ చేస్తే తప్పు. మామూలు ఫలితానికి చేయకపోతే తప్పు.

పట్టుకునే సాధనాలు

లాక్‌ల వాడకంలో తప్పులు పట్టేందుకు ఇంగో మోల్నార్ రాసిన లాక్‌డెప్ 2006లో 2.6.18తో వచ్చింది. ఇప్పుడది లాక్‌తో యూజర్ స్పేస్‌కు తిరిగి వెళ్తున్న ప్రాసెస్‌ను అక్కడికక్కడే పట్టుకుంటుంది. ఏ లాక్, ఏ ఫంక్షన్‌లో తీసుకున్నారు అన్నది రిపోర్టులో ఉంటుంది. వదలాల్సిన చోటు మాత్రం డెవలపరే వెతకాలి: ఆ ఫంక్షన్‌లోని ప్రతి రిటర్న్, ప్రతి గోటూ చూసుకుంటూ పోవాలి. బిగుసుకున్న యంత్రంలో సిస్‌ఆర్‌క్యూ-డి నొక్కితే, లాక్‌డెప్ ఉన్న కెర్నల్ పట్టుబడి ఉన్న లాక్‌లన్నీ చూపిస్తుంది.

2023లో స్టాక్‌రాట్ అనే భద్రతా లోపాన్ని సరిచేస్తూ లైనస్ టోర్వాల్డ్స్ లాక్ తీసుకుని అడ్రస్ వెతికే పనిని ఒకే ఫంక్షన్‌లోకి తెచ్చారు. అంతకుముందు ప్రతి ఆర్కిటెక్చర్‌కూ విడి కోడ్ ఉండేది. కొత్త ఫంక్షన్ విఫలమైతే లాక్‌ను తానే వదులుతుంది. అదే ఏడాది 6.4తో సురేన్ బగ్దసార్యన్ ప్రతి మెమరీ భాగానికీ విడి లాక్ తెచ్చారు. రీట్రై నియమం 6.6లో దానికీ వర్తించింది.

హైదరాబాద్ తరగతి గదిలో

జేఎన్‌టీయూహెచ్ ఆపరేటింగ్ సిస్టమ్స్ సిలబస్‌లో సెమాఫోర్లు ఒక చోట, వర్చువల్ మెమరీ ఇంకో చోట వస్తాయి. ఈ బగ్ ఆ రెండూ కలిసే చోట పుడుతుంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదిలోనో, ఎల్బీనగర్ ఇంట్లోనో ఉన్న విద్యార్థి దాన్ని చూడటానికి ఒక ల్యాప్‌టాప్ చాలు. లాక్‌డెప్‌ను ఆన్ చేసే ప్రూవ్ లాకింగ్ ఆప్షన్‌తో కెర్నల్ బిల్డ్ చేసి, ఎర్రర్ దారిలో ఒక అన్‌లాక్ లైను తీసేసి, క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌లో బూట్ చేసి, ఆ దారి నడిచేలా తప్పుడు అడ్రస్ చదివే చిన్న ప్రోగ్రామ్ నడిపితే లాక్‌డెప్ రిపోర్టు కన్సోల్ మీద కనిపిస్తుంది.