పన్నెండు వోల్టులతో పేచీ

కార్లో పాట చరిత్ర ఎవరు చెప్పినా 1930 దగ్గర మొదలుపెడతారు. పాల్ గాల్విన్ తన కారుకి రేడియో బిగించుకుని అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల సమావేశానికి వెళ్లిన ఏడాది అది. ఆ సరుకు పేరే మోటరోలా. నాకైతే ఈ కథలో అసలు పాత్ర గాల్విన్ కాదు, బ్యాటరీ.

అప్పటి కార్లకి 6 వోల్టులే. రేడియో ట్యూబులకి వంద వోల్టుల పైమాట కావాలి. అందుకని వైబ్రేటర్ అనే చిన్న డబ్బా వచ్చింది. అందులో ఒక రేకు టకటకా కొట్టుకుంటూ కరెంటుని తెంపి కలుపుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని పెంచుతుంది. 1955లో ఫిల్కో, క్రైస్లర్ కోసం పూర్తి ట్రాన్సిస్టర్ రేడియో చేశాక ఇక ఆ డబ్బా అక్కర్లేదనుకున్నారు.

కానీ జనానికి గట్టిగా వినాలనిపించింది. ఇక్కడ కాస్త లెక్క తప్పదు. ఇంజను నడుస్తుంటే దొరికేది 14.4 వోల్టులు. 4 ఓమ్‌ల స్పీకర్‌లోకి దాంతో శుభ్రంగా పంపగలిగేది మహా అయితే 26 వాట్లు, నిజానికి ఇంకా తక్కువే. మరి స్టీరియో అట్టపెట్టె మీద 50 వాట్లు అని ఎలా వేస్తారు? పాటని చదునైన గోడలా నరికేసి, ఆ పగిలిన శబ్దాన్ని కొలిస్తే వచ్చే అంకె అది.

గోడు తీరాలంటే వోల్టేజి పెంచాల్సిందే. అరిజోనాలో 1973లో కంపెనీ పెట్టిన జిమ్ ఫాస్గేట్ లాంటివాళ్లతో విడి యాంప్లిఫయర్ల కాలం మొదలైంది. పెద్ద యాంప్లిఫయర్ మూత విప్పితే సగం చోటు పవర్ సప్లయ్‌దే: తెంపడం, కలపడం, పెంచడం. రేకు బదులు ట్రాన్సిస్టర్లు, అంతే. పారేశామనుకున్న వైబ్రేటరే వేషం మార్చుకుని వచ్చింది!

ఒకటి చాలక రెండు, మూడు ఎందుకంటే, బేస్ ఆకలి వేరు. ఒకే యాంప్లిఫయర్ డ్రమ్ము దగ్గర చతికిలబడితే గాయని గొంతూ దాంతోపాటే పగులుతుంది. బేస్‌కి విడిగా ఒకటి పెడితే గొంతు బతుకుతుంది. అయితే ఒక్కోదాని గ్రౌండ్ తీగ ఒక్కోచోట బిగించారా, ఇంజనుతో పాటు ఈల మొదలవుతుంది.

అమెరికాలో పోటీలు ముదిరాక కంపెనీలు భలే కొంటెపని చేశాయి. వాట్లని బట్టి తరగతులు కదా, ఓరియన్ 225 హెచ్‌సీసీఏ మీద ఛానెల్‌కి 25 వాట్లే అని రాశారు. అది 4 ఓమ్‌ల మాట. అర ఓమ్‌కి తగిలిస్తే, లెక్కప్రకారం ఎనిమిది రెట్లు. అట్టపెట్టె మీది అంకె అబద్ధమూ కాదు, నిజమూ కాదు. అలాంటివి నాలుగు డిక్కీలో పేర్చినా కాగితం మీద 200 వాట్ల కారే. కరెంటు మాత్రం మళ్లీ ఆ పాత బ్యాటరీయే మోయాలి.