ఐదు సంచుల వజ్రాలు

ముద్దనూరు స్టేషనులో రైలు దిగి, జమ్మలమడుగు మీదుగా గండికోటకు వెళ్లేవారు పెన్నానది లోయనూ, రంగనాథాలయాన్నీ, ధాన్యాగారాన్నీ చూసి తిరిగి వస్తుంటారు. అదే గండికోటలో 1652 సెప్టెంబరులో వజ్రాల ధరను గురించి ఒక సంభాషణ జరిగింది. అంత చిన్న సంభాషణలో అంత పెద్ద వర్తకరహస్యం దాగి ఉండడం విశేషం.

మాట్లాడినవారు ఇద్దరు. పెమ్మసాని నాయకుల నుండి కోటను గెలుచుకున్న గోలకొండ సేనాని మీర్ జుమ్లా ఒకరు. ఆయన స్వయంగా వజ్రవర్తకుడు కూడా. రెండవవాడు ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియె. సుల్తానుకు అమ్మదలచిన ముత్యాలను ముందుగా మీర్ జుమ్లాకు చూపించడం కోసం అతడు ఇంతదూరం వచ్చాడు.

ఒకనాడు మీర్ జుమ్లా ఐదు చిన్న సంచులు తెప్పించి, వాటిలోని వజ్రాలను చూపించాడు. పలుచని రాళ్లు, చాలావరకు ఒక కేరెట్టుకు మించనివి. దోషాలు లేవు గాని, నీరు మాత్రం నలుపు. "ఇటువంటివి మీ దేశంలో అమ్ముడుపోతాయా?" అని అడిగాడు. తెల్లని నీరు ఉంటేనే మావాళ్లు కొంటారని తవెర్నియె బదులు చెప్పాడు. అప్పుడు మీర్ జుమ్లా అసలు సంగతి బయటపెట్టాడు. కర్ణాటక గనులలో 12,000 మందిని పెట్టి ఏడాదిపాటు తవ్విస్తే దొరికినవి ఈ ఐదు సంచులేనట! లాభం లేదని గ్రహించి తవ్వకం మాన్పించి, ఆ జనాన్ని తిరిగి సేద్యానికి పంపివేశాడు.

ధాన్యానికో బట్టకో ధర కట్టేటప్పుడు పడిన శ్రమ కొంతైనా లెక్కకు వస్తుంది. వజ్రానికి ఆ లెక్క లేదు. తవెర్నియె 1676లో ప్రచురించిన యాత్రాగ్రంథంలో ఆనాటి ధరకట్టే సూత్రం వివరంగా ఉంది. రాయి బరువును అదే బరువుతో హెచ్చవేసి, ఒక కేరెట్టు ధరతో గుణించాలి. మేలైన కేరెట్టు రాయి 150 లీవ్రలైతే, 12 కేరెట్ల రాయి 21,600 లీవ్రలు. బరువు పన్నెండింతలు, ధర నూట నలభై నాలుగింతలు! మొగలు చక్రవర్తి వద్ద ఉన్న 279 9/16 కేరెట్ల వజ్రానికి ఈ సూత్రం ప్రకారమే అతడు కోటీ పదిహేడు లక్షల లీవ్రలకు పైగా విలువ కట్టాడు. అరుదైనకొద్దీ ధర ఎగబాకే ఈ లెక్కలో తవ్వినవాడి కూలికి చోటు లేదు. ఆ మొదటి కేరెట్టు ధరను నిర్ణయించేది కొనేవాడి కన్ను.

గనుల దగ్గర బేరం కూడా గుట్టుగానే సాగేది. వర్తకులు గుడ్డ చాటున చేతులు కలిపేవారు. చేయి మొత్తం పట్టుకుంటే వెయ్యి, ఒక వేలు పట్టుకుంటే నూరు. పక్కన కూర్చున్నవాడికి సైతం ధర తెలిసేది కాదు. ఒకరికి అమ్మిన ధర మరొకరికి తెలియకపోవడం అమ్మేవాడికి ఎంత బలమో ఊహించవచ్చు.

ఈ కథకు చాలాకాలం తరువాత మరో మలుపు వచ్చింది. ఆస్ట్రేలియాలోని ఆర్గైల్ గనిలో దొరికిన రాళ్లలో అధికభాగం గోధుమరంగువే. వర్తకులు వాటిని పారవేయలేదు. "షాంపేన్", "కొన్యాక్" అని మద్యాల పేర్లు పెట్టి ఆభరణాలలో పొదిగి అమ్మారు. 2020లో గని మూతపడేదాకా ఆ వ్యాపారం నడిచింది. గండికోటలో తిరస్కారానికి గురైన రంగుకు దగ్గరి రంగే అక్కడ కొత్త పేరుతో ధర తెచ్చుకుంది.

ఈసారి గండికోటకు వెళ్లినప్పుడు, ఏడాది కష్టం ఒక్క మాటతో విలువ లేనిదైపోగా నాగలి పట్టడానికి వెనుదిరిగిన ఆ పన్నెండువేల మందిని కూడా ఒకసారి తలచుకోండి.