కమలాపురంలో దిగిన కంప

రాయలసీమను తెర మీద చూపించాలంటే మన సినిమావాళ్లకు ఎర్రమట్టి దారి, దుమ్ము లేపుకుంటూ వచ్చే నాలుగు సుమోలు, దారికి రెండు పక్కలా కంపచెట్లు ఉంటే చాలు. ఆ కంప అనాదిగా సీమదేనని తీసేవాళ్లూ అనుకుంటారు, చూసేవాళ్లూ అనుకుంటారు. కానీ కృష్ణదేవరాయల కాలంలో అక్కడ ఆ కంప, అంటే సర్కారు తుమ్మ, ఒక్కటీ లేదు. వేమన ఎరిగిన తుమ్మ నల్లతుమ్మే. సర్కారు తుమ్మ స్వస్థలం మెక్సికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర భాగం.

దేశంలో ఇది మొదట నాటుకున్న ఊళ్లలో ఒకటి సీమలోనే ఉంది. మద్రాసు అటవీ శాఖలో లెఫ్టినెంట్ కల్నల్ బెడ్డోమ్ అనే అధికారి ఉండేవాడు. చెట్ల మీద పుస్తకాలు, పాముల మీద వ్యాసాలు రాసిన మనిషి. ఈ గింజలు తెప్పించమని ఆయన 1876లో ప్రభుత్వానికి రాశాడు. జమైకా నుంచి వచ్చిన గింజలను 1877లో కడప జిల్లా కమలాపురంలో వేశారు. సీమ అప్పుడు ధాత కరువులో మాడిపోతోంది. మద్రాసు రైలింజన్లు కట్టెలు మింగుతున్నాయి. వాన పడకపోయినా పెరిగి, కొట్టినకొద్దీ చిగురించే చెట్టంటే ఏ దొరకు చేదు?

అక్కణ్నుంచి అది ఆగలేదు. 1940లో జోధ్‌పూర్ సంస్థానం దాన్ని రాజవృక్షంగా ప్రకటించింది. 1960లలో గుజరాత్ అటవీ శాఖ కచ్‌లోని బన్ని గడ్డిభూముల్లో నాటింది. అక్కడివాళ్లు ఇప్పుడు దాన్ని పిచ్చి తుమ్మ అనే అర్థం వచ్చేలా ‘గాండో బావళ్’ అంటున్నారు.

నాటింది సర్కారే అయినా ఊరూరికీ మోసింది మేకలు. ఆకు చేదు కాబట్టి మేక దాన్ని ముట్టదు. కాయ తియ్యన కాబట్టి వదలదు. గట్టి పెంకు ఉన్న గింజ మేక కడుపులో మెత్తబడి, పెంటికతో పాటు ఇంకో ఊరి బీట్లో పడి మొలుస్తుంది. ఈ కాయల మీద కెన్యాలో ఏకంగా దావా నడిచింది. బరింగో ప్రాంతపు పశువుల కాపరులు, కాయలు తిని పళ్లూడిన మేకను 2006లో కోర్టుకు తీసుకెళ్లారు.

దసరాకు మనం పూజించే జమ్మి, తెలంగాణ రాష్ట్ర వృక్షం, ఈ తుమ్మకు బంధువే. వృక్షశాస్త్రజ్ఞులు చాలాకాలం రెంటినీ ప్రోసోపిస్ ప్రజాతిలోనే ఉంచారు. 2022లో తుమ్మను విడదీసి నెల్టూమా అన్నారు. ఆస్తి పంపకాల్లో ఇంటిపేరు జమ్మికే దక్కింది.

పూజ దక్కకపోయినా పొయ్యి మాత్రం తుమ్మదే. గ్యాసు బండ రాకముందు మెట్ట పల్లెల్లో అన్నం ఉడికింది ఎక్కువగా ఈ కట్టెల మీదే. చేను చుట్టూ వేసే కంపా ఇదే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో యానాదులతో సహా ఎన్నో పేద కుటుంబాలు దీన్ని కొట్టి బతికాయి. మొద్దులు పేర్చి, ఆకూ అలమూ కప్పి, మట్టి మెత్తి, గాలి చాలీచాలకుండా రోజుల తరబడి కాలిస్తే బొగ్గు అవుతుంది. ఆ పనిలో పొగ కూలివాళ్లది, లాభం ఎక్కువగా వ్యాపారిది. ఈ చెట్టును తిట్టే పర్యావరణ వ్యాసాల్లో ఈ కూలివాళ్ల ఊసు అరుదుగా కనిపిస్తుంది.

తిట్టడానికి కారణాలు లేకపోలేదు. దాని నీడన గడ్డి సరిగా పెరగదు, ముల్లు దిగితే సలుపు మామూలుగా ఉండదు, చెరువు పూడితే ముందు వచ్చేది అదే. తమిళనాడులో వైకో వంటి నేతలు దీన్ని తొలగించాలని కోర్టుకెక్కితే, 2017లో మద్రాస్ హైకోర్టు మదురై ధర్మాసనం చెట్ల నరికివేతపై వరుస ఆదేశాలిచ్చింది. తెలంగాణలో 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలోనూ కట్టల మీది కంప కొట్టడం ఒక పని.

కొట్టినంత మాత్రాన పోదు, వేళ్లతో సహా పెకలించాలి. చాలా ఊళ్లలో చెరువులోని తుమ్మను వేలం వేస్తారు. పాడుకున్నవాడు మానులు నరికి లారీకెత్తిస్తాడు కానీ వేళ్ల జోలికి పోడు. కొన్నేళ్లకు మళ్లీ పాట ఉండాలి కదా.