మెయిల్ సర్వర్ సెట్టింగులు: కమాండ్ లైన్ నుంచి చూడటం, మార్చడం

ఈమెయిల్‌ను అందుకుని, వరసలో పెట్టి, చేరవలసిన చోటికి చేర్చే సాఫ్ట్‌వేర్ మెయిల్ సర్వర్. ఏ డొమైన్ల పేరున వచ్చే మెయిల్ తన దగ్గర ఉంచుకోవాలి, ఎవరి మెయిల్‌ను బయటికి పంపాలి, ఎంత పెద్ద మెయిల్‌ను ఒప్పుకోవాలి, చేరని మెయిల్ కోసం ఎన్ని రోజులు ప్రయత్నించాలి అనే నిర్ణయాలన్నీ దాని సెట్టింగుల్లో ఉంటాయి. టెర్మినల్లో ఆదేశాలు టైపు చేసి ఈ సెట్టింగులను చూడటం, మార్చడం యూనిక్స్ లోకంలో మొదలై నేడు అన్ని రకాల సర్వర్లకూ వ్యాపించింది. ఫైల్లో రాసి ఉన్నదీ, సర్వర్ ఆ క్షణాన పాటిస్తున్నదీ ఒకటేనా? నలభై ఏళ్లకు పైబడిన ఈ చరిత్ర అంతా ఆ ప్రశ్న చుట్టూ తిరిగింది. మార్చే సౌకర్యం కంటే, ఉన్నదాన్ని ఉన్నట్టు చూడగలిగే సౌకర్యం రావడానికే ఎక్కువ కాలం పట్టింది.

డెలివర్‌మెయిల్ కాలం

1970ల చివర బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్మన్ ఇంగ్రెస్ డేటాబేస్ ప్రాజెక్టులో పనిచేస్తుండేవాడు. ఆ ప్రాజెక్టు కంప్యూటరుకు ఆర్పానెట్ కనెక్షన్ ఉండటంతో మెయిల్ కోసం అందరూ దానిమీద ఖాతా అడిగేవారు. అందరికీ ఖాతా ఇచ్చే బదులు, వచ్చిన మెయిల్‌ను క్యాంపస్‌లోని ఇతర కంప్యూటర్లకు చేరవేసే డెలివర్‌మెయిల్ అనే ప్రోగ్రాం ఆల్మన్ రాశాడు. 1979 నుంచి అది బీఎస్‌డీ యూనిక్స్‌తో పాటు వచ్చింది.

డెలివర్‌మెయిల్‌కు విడిగా సెట్టింగుల ఫైలు లేదు. ఏ నెట్‌వర్క్ మెయిల్ ఎటు పోవాలన్నది ప్రోగ్రాంలోనే కంపైల్ అయి ఉండేది. ఒక చిన్న మార్పు కావాలన్నా సోర్స్ కోడ్ దిద్ది మళ్లీ కంపైల్ చేయాలి. నడుస్తున్న ప్రోగ్రాంను చూసి దానిలో ఏముందో చెప్పే దారి లేదు. ఆర్పానెట్, యూయూసీపీ, బర్క్‌నెట్ అనే మూడు నెట్‌వర్కులకు మూడు రకాల చిరునామాలు ఉండటంతో ఈ పద్ధతి త్వరలోనే చాలకుండా పోయింది.

సెండ్‌మెయిల్, దాని ఫైలు

1982 ఆగస్టులో జోనథన్ పోస్టెల్ ఎస్ఎంటీపీ ప్రమాణాన్ని ఆర్‌ఎఫ్‌సీ 821గా వెలువరించాడు. మరుసటి ఏడాది 4.1సీ బీఎస్‌డీతో ఆల్మన్ కొత్త ప్రోగ్రాం సెండ్‌మెయిల్ విడుదలైంది. సెట్టింగులు బైనరీని వదిలి సెండ్‌మెయిల్.సీఎఫ్ అనే మామూలు టెక్స్ట్ ఫైల్లోకి వచ్చాయి. ప్రోగ్రాం మొదలైనప్పుడల్లా ఆ ఫైలు చదువుకునేది. మళ్లీ కంపైల్ చేయనక్కరలేకుండా, ఏ ఎడిటర్‌తోనైనా సర్వర్ ప్రవర్తనను మార్చే వీలు దీనితో కలిగింది.

అయితే ఆ ఫైలు యంత్రం త్వరగా చదువుకోవడానికి రాసినది, మనిషి కోసం కాదు. ప్రతి వరుసా ఒక్క అక్షరంతో మొదలయ్యేది: డీ అంటే మాక్రో, ఓ అంటే ఆప్షన్, ఎం అంటే మెయిల్ చేరవేసే ప్రోగ్రాం, ఆర్ అంటే చిరునామాను తిరగరాసే నియమం. ఆర్ వరుసలో ఎడమ భాగానికీ కుడి భాగానికీ మధ్య ట్యాబ్ ఉండాలి. ఎడిటర్ ఆ ట్యాబ్‌ను ఖాళీలుగా మార్చేస్తే నియమం చెడేది, స్క్రీన్ మీద మాత్రం రెండూ ఒకేలా కనిపించేవి. అందుకే నియమాలను పరీక్షించడానికి -బీటీ అనే మోడ్ పెట్టారు. అందులో ఒక చిరునామా ఇస్తే, అది ఏ నియమాల గుంపులోకి ఏ రూపంలో వెళ్లి ఏ రూపంలో బయటికి వచ్చిందో అంచెలంచెలుగా చూపుతుంది. సర్వర్ ఎలా ఆలోచిస్తోందో ఆదేశంతో అడిగి తెలుసుకునే అలవాటు ఇక్కడే మొదలైంది.

తొలి రూపాల్లో ఇంకో చిక్కు ఉండేది. ఫైలు చదవడానికి పట్టే సమయం కలిసిరావాలని, -బీజెడ్ ఆప్షన్‌తో సెట్టింగులను గడ్డకట్టించి సెండ్‌మెయిల్.ఎఫ్‌సీ అనే ఫైల్లో దాచేవారు. ఆ తర్వాత సీఎఫ్ ఫైలు దిద్ది, మళ్లీ గడ్డకట్టించడం మరిచిపోతే పాత సెట్టింగులే నడిచేవి. ఫైలు ఒకటి చెబుతుంటే సర్వర్ ఇంకొకటి చేసేది. వెర్షన్ 8లో ఈ సదుపాయాన్ని తీసేశారు.

కంటికి కనబడని సెట్టింగు ఎంత ప్రమాదమో 1988 నవంబర్ 2న లోకానికి తెలిసింది. ఆ రోజు వ్యాపించిన మోరిస్ వర్మ్ వాడుకున్న దారుల్లో సెండ్‌మెయిల్ డీబగ్ సదుపాయం ఒకటి. కంపైల్ చేసేటప్పుడు దాన్ని తెరిచి ఉంచిన సర్వర్లు చాలా ఉన్నాయి. డీబగ్ అని పంపితే చాలు, బయటి మనిషి ఆ యంత్రం మీద తన ఆదేశాలు నడిపించగలిగేవాడు. తమ సర్వర్లలో ఆ తలుపు తెరిచి ఉందని నిర్వాహకుల్లో చాలామందికి తెలియదు.

1993లో 4.4బీఎస్‌డీతో వచ్చిన సెండ్‌మెయిల్ 8 తర్వాత సీఎఫ్ ఫైలును చేత్తో రాయడం తగ్గింది. ఎం4 మాక్రోలతో చిన్న ఎంసీ ఫైలు రాసి, ఎం4 ఆదేశంతో దాన్నుంచి సీఎఫ్ తయారుచేయడం పద్ధతైంది. 1995లో వెర్షన్ 8.7 ఒంటి అక్షరాల ఆప్షన్లకు పూర్తి పేర్లు ఇచ్చింది. చదవడం సులువైంది. కానీ దిద్దాల్సిన ఫైలు ఒకటి, సర్వర్ చదివే ఫైలు ఇంకొకటి కావడంతో రెంటికీ మధ్య పొంతన చూసుకునే బాధ్యత నిర్వాహకుడి మీద పడింది.

ఎగ్జిమ్, క్యూమెయిల్

1995లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ కంప్యూటింగ్ సర్వీస్‌లో ఫిలిప్ హేజెల్ ఎగ్జిమ్ రాయడం మొదలుపెట్టాడు. దీనిలో ఎగ్జిమ్ -బీపీ అని కొడితే సర్వర్ అర్థం చేసుకున్న సెట్టింగులన్నీ వరసగా వస్తాయి, పక్కన ఒక పేరు ఇస్తే ఆ ఒక్కటే వస్తుంది. డేటాబేస్ పాస్‌వర్డ్ వంటివి ఉన్న వరుస ముందు హైడ్ అనే మాట పెడితే దాని విలువ నిర్వాహకులకు తప్ప ఇతరులకు కనిపించదు. ఒక చిరునామా ఏ దారిన పోతుందో -బీటీ చెబుతుంది. ఫలానా ఐపీ నుంచి ఎవరైనా కనెక్ట్ అయితే ఏం జరుగుతుందో -బీహెచ్ ఉత్తుత్తి సంభాషణ నడిపి చూపిస్తుంది. చూడటానికీ పరీక్షించడానికీ ఇన్ని ఆదేశాలున్నా, సెట్టింగును రాసే ఆదేశం మాత్రం ఎగ్జిమ్‌లో పెట్టలేదు. మార్పు ఎడిటర్‌తోనే చేయాలి.

దాదాపు అదే కాలంలో డేనియల్ జే. బెర్న్‌స్టైన్ రాసిన క్యూమెయిల్ పూర్తిగా వేరే దారి పట్టింది. కంట్రోల్ అనే డైరెక్టరీలో ఒక్కో సెట్టింగుకు ఒక్కో చిన్న ఫైలు ఉంటుంది. ఫైలు పేరే సెట్టింగు పేరు, లోపల ఉన్నదే దాని విలువ. చూడటానికి క్యాట్, రాయడానికి ఎకో వంటి మామూలు యూనిక్స్ ఆదేశాలు చాలు. అన్నిటినీ కలిపి అర్థం చెప్పడానికి క్యూమెయిల్-షోసీటీఎల్ ఉంది. ఆర్‌సీపీటీహోస్ట్స్ అనే ఫైలు లేకపోతే సర్వర్ ఎవరి మెయిల్‌నైనా ఎక్కడికైనా చేరవేస్తుంది. అంటే ఒక ఫైలు లేకపోవడం కూడా ఇక్కడ సెట్టింగే. డైరెక్టరీలో లేని దాని గురించి హెచ్చరించగలగడమే షోసీటీఎల్ విలువ.

పోస్ట్‌ఫిక్స్, పోస్ట్‌కాన్ఫ్

చూడటాన్నీ మార్చడాన్నీ ఒకే ఆదేశంలోకి తెచ్చిన ఘనత పోస్ట్‌ఫిక్స్‌ది. టీసీపీ ర్యాపర్ రచయితగా అప్పటికే పేరున్న వీట్సా వెనెమా ఐబీఎం వారి థామస్ జే. వాట్సన్ పరిశోధన కేంద్రంలో ఉండగా దీన్ని రాశాడు. మొదట వీమెయిలర్ అనుకున్న ఈ ప్రోగ్రాం 1998 డిసెంబర్‌లో ఐబీఎం సెక్యూర్ మెయిలర్‌గా విడుదలై, పోస్ట్‌ఫిక్స్ పేరుతో స్థిరపడింది. దీని ప్రధాన ఫైలు మెయిన్.సీఎఫ్‌లో ప్రతి వరుసా "పేరు = విలువ" అనే సాదా రూపంలో ఉంటుంది. వందల పారామీటర్లకు ముందే విలువలు ఉండటంతో, భిన్నంగా కావలసినవి మాత్రమే ఫైల్లో రాస్తే సరిపోతుంది.

అలా రాయనివి కూడా అమల్లో ఉంటాయి కాబట్టి ఫైలు చూసి సర్వర్‌ను అంచనా కట్టలేం. ఆ లోటు పోస్ట్‌కాన్ఫ్ తీరుస్తుంది. ఊరికే పోస్ట్‌కాన్ఫ్ అంటే అన్ని విలువలూ వస్తాయి, -డీ అంటే ముందే ఉన్నవి, -ఎన్ అంటే ఫైల్లో ప్రత్యేకంగా రాసినవి. ఒక సర్వర్‌ను మొదటిసారి చేతిలోకి తీసుకున్నవారికి పోస్ట్‌కాన్ఫ్ -ఎన్‌ను మించిన పరిచయం లేదు. సమస్య చెప్పుకునేవారు దాని ఫలితాన్ని జతచేయాలని పోస్ట్‌ఫిక్స్ పత్రాలే అడుగుతాయి.

మార్చడానికి -ఈ ఆప్షన్ ఉంది. అది మెయిన్.సీఎఫ్‌ను తాత్కాలిక ఫైల్లోకి నకలు తీసి, మార్పు రాసి, ఆ తర్వాత అసలు పేరు పెడుతుంది. పని మధ్యలో కరెంటు పోయినా సగం రాసిన ఫైలు మిగిలిపోకుండా ఈ ఏర్పాటు. వెర్షన్ 2.8 నుంచి -ఈ రాయకపోయినా, పేరు, సమానం గుర్తు, విలువ ఇస్తే చాలు. విలువలో డాలర్ గుర్తు ఉంటే మొత్తాన్ని ఒంటి కొటేషన్లలో పెట్టాలి. 'మైఆరిజిన్ = $మైడొమైన్' అన్నదాన్ని జంట కొటేషన్లలో పెడితే, పోస్ట్‌కాన్ఫ్‌కు చేరకముందే షెల్ ఆ డాలర్ మాటను తన చరరాశి అనుకుని ఖాళీగా మార్చేస్తుంది.

2012లో వచ్చిన వెర్షన్ 2.9 నుంచి, ఫైల్లో రాసినా ఎక్కడా వాడని పేర్ల గురించి పోస్ట్‌కాన్ఫ్ హెచ్చరిస్తోంది. స్పెల్లింగ్ తప్పుతో రాసిన సెట్టింగు ఏళ్ల తరబడి పనిచేయకుండా పడి ఉండే ముప్పు దీనితో తగ్గింది. సర్వీసుల పట్టిక మాస్టర్.సీఎఫ్‌ను చూపే -ఎం కూడా అప్పుడే చేరింది. 2014 నాటి 2.11తో ఆ పట్టికను కూడా ఆదేశంతోనే మార్చే వీలు కలిగింది.

ఒక సెట్టింగు, దగ్గరనుంచి

మెయిల్ పరిమాణానికి హద్దు పెట్టే సెట్టింగు ఈ పద్ధతిని బాగా చూపుతుంది. పోస్ట్‌కాన్ఫ్ మెసేజ్_సైజ్_లిమిట్ అని అడిగితే, మార్చని సర్వర్ 10240000 అని జవాబిస్తుంది. ఇది బైట్లలో లెక్క. అయితే అటాచ్‌మెంట్లు బేస్64 రూపంలో ప్రయాణిస్తాయి. మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతాయి, వరుసల చివర అక్షరాలు అదనం. అందుకే ఏడున్నర మెగాబైట్లు దాటిన ఫైలు ఈ హద్దులో ఇమడదు. పది మెగాబైట్ల హద్దున్నా తొమ్మిది మెగాబైట్ల ఫైలు ఎందుకు పోవడం లేదన్న ప్రశ్నకు జవాబు ఇదే.

హద్దును 60000000కు పెంచితే పని అయిపోయినట్టు అనిపిస్తుంది. కానీ మెయిల్‌బాక్స్_సైజ్_లిమిట్ ముందే 51200000గా ఉంది. డబ్బా కంటే ఉత్తరం పెద్దది కాకూడదని, సర్వర్ మీదనే ఉన్న ఖాతాలకు మెయిల్ అందించే ప్రోగ్రాం తప్పు చూపి ఆగిపోతుంది, మెయిల్ క్యూలో ఉండిపోతుంది. ఒక సెట్టింగు మార్చేముందు దానితో ముడిపడిన వాటిని అడిగి చూడాలనడానికి కారణం ఇదే.

మార్చాక పోస్ట్‌ఫిక్స్ రీలోడ్ ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పటికే నడుస్తున్న ప్రాసెస్‌లు పాత విలువతోనూ, కొత్తగా పుట్టినవి కొత్త విలువతోనూ కొంతసేపు పక్కపక్కనే పనిచేస్తాయి. ఇనెట్_ఇంటర్‌ఫేసెస్ వంటి కొన్నిటికి రీలోడ్ కూడా చాలదు, సర్వర్‌ను ఆపి మొదలుపెట్టాలి. చివరి సాక్ష్యం బయటనుంచి దొరుకుతుంది. 1995 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1870 ప్రకారం, 25వ పోర్టుకు కనెక్ట్ అయి ఈహెచ్ఎల్ఓ అని పలకరిస్తే సర్వర్ తన హద్దును సైజ్ అనే మాట పక్కన ప్రకటిస్తుంది. అక్కడ కొత్త అంకె కనిపిస్తే మార్పు నిజంగా అమల్లోకి వచ్చినట్టు.

విండోస్ లోకం, డవ్‌కాట్

మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వర్‌ను చాలాకాలం మౌస్‌తోనే నడిపేవారు. ఎక్స్ఛేంజ్ 2007 ఈ తీరు మార్చింది. 2006లో వచ్చిన పవర్‌షెల్ మీద ఎక్స్ఛేంజ్ మేనేజ్‌మెంట్ షెల్‌ను కట్టి, కిటికీలూ బటన్లూ ఉన్న పరికరాన్ని దాని పైన నిలబెట్టారు. బటన్ నొక్కి చేసిన పనికి సమానమైన ఆదేశాన్ని ఆ పరికరమే చూపేది, దాన్ని నకలు చేసుకుని వంద సర్వర్ల మీద నడపవచ్చు. పేర్ల కూర్పులోనే క్రమం ఉంది: గెట్-ట్రాన్స్‌పోర్ట్‌కాన్ఫిగ్ చూపిస్తుంది, సెట్-ట్రాన్స్‌పోర్ట్‌కాన్ఫిగ్ మారుస్తుంది. చివర -వాట్‌ఇఫ్ చేర్చితే, మార్చకుండానే ఏం మారబోతోందో చెబుతుంది. ఎక్స్ఛేంజ్ 2010 నుంచి ఎవరు, ఎప్పుడు, ఏ ఆదేశంతో ఏది మార్చారో నమోదవుతోంది. క్లౌడ్‌లోని ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్‌కూ ఇవే ఆదేశాలు చాలావరకు వర్తిస్తాయి.

మెయిల్‌బాక్సులను అందించే డవ్‌కాట్ సర్వర్‌ను టిమో సిరైనెన్ 2002లో విడుదల చేశాడు. 2010లో వచ్చిన 2.0తో సెట్టింగులు అనేక ఫైళ్లుగా విడిపోవడంతో, అన్నిటినీ కలిపి చూపే డవ్‌కాన్ఫ్ అవసరమైంది. పోస్ట్‌కాన్ఫ్ అలవాటును అనుసరించి ఇక్కడా -ఎన్ మార్చినవాటినే చూపుతుంది. పాస్‌వర్డ్ ఉండే విలువలను దాచి, -పీ ఇస్తేనే బయటపెడుతుంది.

తెలుగు చిరునామాలు

ఎస్ఎంటీపీ మొదట ఇంగ్లిషు అక్షరాల చిరునామాలనే అనుమతించింది. 2012 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6531, ఇతర లిపులకు దారి తెరిచే ఎస్ఎంటీపీయూటీఎఫ్8 పద్ధతిని నిర్దేశించింది. .భారత్ డొమైన్‌తో తెలుగు లిపిలో పూర్తి చిరునామా ఉండాలంటే, దారిలో ఉన్న ప్రతి సర్వర్‌కూ ఇది తెలియాలి. పోస్ట్‌ఫిక్స్ 2015లో 3.0తో దీన్ని చేర్చింది. పోస్ట్‌కాన్ఫ్ ఎస్ఎంటీపీయూటీఎఫ్8_ఎనేబుల్ అని అడిగితే అనుమతి ఉందో లేదో తెలుస్తుంది. అయితే ఫైల్లో ఎస్ అని ఉన్నా, ఆ సామర్థ్యం లేకుండా కంపైల్ చేసిన పోస్ట్‌ఫిక్స్ తెలుగు చిరునామాను ఒప్పుకోలేదు, లాగ్‌లో హెచ్చరిక రాస్తుంది. ఈహెచ్ఎల్ఓ పలకరింపుకు జవాబుగా సర్వర్ ఎస్ఎంటీపీయూటీఎఫ్8 అని చెబితేనే దాన్ని నమ్మాలి.

ప్రాముఖ్యత

పపెట్, యాన్సిబుల్ వంటి పరికరాలు నేడు వేల సర్వర్ల సెట్టింగులను ఒకేసారి రాస్తున్నాయి. ఆదేశంతో మార్చగల సెట్టింగును స్క్రిప్టులో రాయవచ్చు, గిట్‌లో భద్రపరచవచ్చు, ఇంకొకరు సమీక్షించవచ్చు, పొరపాటైతే వెనక్కి తీసుకోవచ్చు. అయితే తప్పు విలువను ఒకచోట రాసినంత వేగంగా వేలచోట్ల రాయడం కూడా ఈ పరికరాలతో వచ్చిన శక్తే. అందువల్ల మార్చడానికి ముందు ఒకసారి, మార్చాక ఇంకోసారి సర్వర్‌నే అడిగి సరిపోల్చుకోవడం మెయిల్ నిర్వహణలో తప్పనిసరి క్రమశిక్షణ. ఒక సంస్థలోని ప్రతి మనిషి ఉత్తరం ఆ సెట్టింగుల గుండానే వెళుతుంది. అవి ఏమిటో ఒక్క నిపుణుడి జ్ఞాపకంలో కాకుండా, అనుమతి ఉన్న ఎవరు అడిగినా తెలిసేలా చేయడమే ఈ ఆదేశాలు సాధించిన అసలు పని.