ఎండతో నడచు బండి

1955 ఆగస్టు 31వ తేదీన చికాగో నగరమందలి పవరామా ప్రదర్శనమున జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన విలియం కాబ్ 15 అంగుళముల బొమ్మకారు నొకదానిని జనులయెదుట నుంచి, దానిమీది 12 సెలీనియం ఘటములపై వెలుతురు పడినంతనే చిన్నమోటారు తిరుగుటయు చక్రములు కదలుటయు ప్రత్యక్షముగా చూపెను. ఆ ‘సన్‌మొబైల్’ పుట్టి డెబ్బది యేండ్లు దాటినవి కనుక నేమైన వ్రాయుడని సంపాదకులు కోరిరి. గడువు స్వల్పము, శతాబ్దములను వేగముగా దాటవలసియున్నది.

ఏడు గుఱ్ఱముల రథమెక్కించి సూర్యుని కొలిచిన మన పూర్వులు ఆయనచేతనే బండి లాగించు సాహసమును తలపెట్టలేదు. 1839లో శాస్త్రజ్ఞుడు బెకరెల్ వెలుతురునుండి విద్యుత్తు పుట్టుట కనిపెట్టెను. 1883లో న్యూయార్కున చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియముతో సౌరఘటము చేసెను. 1954లో బెల్ ప్రయోగశాలవారు సిలికాను ఘటమున నూటికి 6 వంతుల సామర్థ్యము సాధించిరి. 1912నాటి పాత బేకర్ విద్యుత్కారు కప్పుపై 10,640 ఘటములు పేర్చి ఇంటర్నేషనల్ రెక్టిఫయర్ సంస్థవారు మనిషి కూర్చుండి నడుపదగిన సౌరవాహనమును 1962లో లోకమునకు చూపిరి.

నా మనస్సు నిలుచునది మాత్రము ఆస్ట్రేలియాలో. డెన్మార్కున పుట్టి ఆ దేశమునకు వచ్చిన సాహసి హాన్స్ థోల్‌స్ట్రప్, మోటారుపందెముల వీరుడు లారీ పెర్కిన్స్‌తో కూడి, ‘క్వైట్ అచీవర్’ అను వాహనమును సిద్ధము చేయించెను. చక్రములు తగిలించిన స్నానపుతొట్టిమీద పందిరి వేసి, ఆ పందిరికి సౌరఫలకములు పఱచినట్లుండు ఆ బండిని చూచి నవ్వనివా రరుదు. 1982 అక్టోబరున బాథర్స్ట్ వేయి కిలోమీటర్ల పందెమును పీటర్ బ్రాక్‌తో జంటగా గెలిచిన పెర్కిన్స్, రెండు మాసములు గడచినంతనే గంటకు 20 కిలోమీటర్లు మించిన చాలునను యాత్రకు పూనుకొనుటలో నాకొక రసము గోచరించును. డిసెంబరు 19న పెర్త్ విడిచి, చెట్టన్నది కానరాని నల్లర్బార్ మైదానము నడ్డముగా దాటి, 1983 జనవరి 7న సిడ్నీ చేరునప్పటికి వారు గడచిన దూరము 4,000 కిలోమీటర్లు పైచిలుకు, పట్టిన కాలము 20 దినములు. 1912లో ఫ్రాన్సిస్ బర్టిల్స్ పెట్రోలుకారుతో పడమటితీరమునుండి సిడ్నీకి వచ్చుటకు 28 దినములు పట్టినదని తలచుకొన్నచో, ఆ తొట్టిని నవ్వినవారే నోరు మూసికొనవలసి వచ్చును.

ఆ యుత్సాహముతోనే థోల్‌స్ట్రప్ 1987లో డార్విన్‌నుండి అడిలైడ్ వరకు సౌరవాహనముల పందెము నెలకొల్పెను. బొమ్మకారు చేసిన జనరల్ మోటార్స్ వారే ‘సన్‌రేసర్’తో గంటకు 67 కిలోమీటర్ల సగటున దానిని గెలిచిరి. పెట్రోలుకార్లు అమ్మి పెరిగిన సంస్థకు సూర్యానుగ్రహము లభించుట వింతయే.

ఇటుపిమ్మట కథ ఒక త్రోవను నడువదు. ప్రియస్ కారు కప్పుమీది ఫలకము మొదట గాలిపంకా త్రిప్పుటకే పరిమితమాయెను. నెదర్లాండ్సు సంస్థ రెండున్నర లక్షల యూరోల వెలతో తెచ్చిన ‘లైట్‌ఇయర్ 0’ ఉత్పత్తి 2023 జనవరిలో ఆగిపోయెను. మరునెలలోనే జర్మనీలో సోనో వారు ‘సియాన్’ కారును విరమించుకొనిరి. మన పూణేలో వేవ్ మొబిలిటీ వారు ‘ఈవా’ యను చిన్నకారును చూపి, కప్పుమీది ఎండతో దినమునకు 10 కిలోమీటర్ల వరకు నడుచునని చెప్పుచున్నారు.

ఆ మాట అతిశయోక్తి కాదు. కారుకప్పు రెండు చదరపు మీటర్లనుకొందము. నడినెత్తి ఎండ చదరపు మీటరుకు ఇంచుమించు 1,000 వాట్లు. ఫలకము అందులో నూటికి 20 వంతులు పట్టినను 400 వాట్లు. పూర్తియెండ ఐదుగంటలకు సమానమైన దినమున రెండు యూనిట్లు. వేడికిని, దుమ్మునకును, కప్పు సూర్యునివైపు వాలియుండమికిని తరుగు పోగా మిగులు ఒకటిన్నర యూనిట్టుతో మామూలు విద్యుత్కారు 10 కిలోమీటర్లు, తేలికయైన ఆటో అంతకు రెట్టింపునకు పైగా నడుచును. అయితే మన మండువేసవిలో బండిని వేపచెట్టు నీడన నిలుపువాడే వివేకి. ఆ యూనిట్టున్నరకై నీడ విడిచి ఎండలో నిలిపినవాడు, కాలిపోవు సీటు చల్లబడుటకు ఏసీ వేసి, ఆర్జించినదానిలో కొంత అక్కడనే వ్యయము చేయును.

కనుక ఎండలో తిరిగి బ్రతుకు తేలికబండ్లకు ఇది అక్కరకు వచ్చునేమో గాని, కార్లకు మాత్రము పైమెరుగే. ఇంటికప్పుమీది ఫలకము కదలదు, దక్షిణమునకు వాలియుండును, చోటు విస్తారము. దానితో కారు బ్యాటరీని నింపుకొనుట సులభము. సౌరకప్పుగల కారు కొనదలచువారు దానికై చెల్లించు అదనపు వెలకు ఇంటిమీద ఎన్ని వాట్లు వచ్చునో ముందుగా విచారించుకొనవలెను.